దొరసాని మేత

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాసుకుంటున్నది.

ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. అందరం అంటే మనుషులం. కొట్టంలో సంగతి కాసేపట్లో రాస్తాను. మీ తుంటి నొప్పి ఇంకాస్త తగ్గి ఉంటుందని, వదినగారు, అన్నయ్యగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఈ వారం చివర్లో బండి మాట్లాడుకుని వచ్చేస్తున్నానని రాశారు. "డాక్టరు మాట డాక్టరుది, నా ఆవు నాది. నేను రాకపోతే అది కడుపులో దూడతో సహా పోతుంది" అన్నారు. ఎముక ఇంకా అతకలేదని, ఇప్పుడు మళ్ళీ పడితే ఇక నడక ఉండదని డాక్టరు అన్న మాట మీరు రాయలేదు. వదినగారు మీ ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశారు. అత్తయ్యగారూ, బండివాడికి కబురు పెట్టే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదవండి. మధ్యలో మీకు కోపం వస్తుంది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేస్తారు. మళ్ళీ పెట్టుకుని చదవండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను. వంటింటి కప్పు కారడం ఆగింది. తాను ఎక్కి బాగు చేసినందువల్లే ఆగిందని మీ అబ్బాయి చెప్పుకుంటున్నారు గానీ, ఆగింది వానలు. మీ మనవరాలి దగ్గు తగ్గింది. మీ ఉన్ని శాలువా పెద్ద పెట్టెలో అడుగున ఉంది, చిమటలు కొట్టలేదు, తీసి ఎండలో వేశాను. మిల్లులో ఆయనకు మళ్ళీ రాత్రి డ్యూటీ వేశారు. పగలంతా నిద్రపోతారు కనుక గిన్నె గిన్నెకు తగలకుండా తోముకుంటున్నాను. పక్కింటి టైలరమ్మ మిమ్మల్ని అడిగానని చెప్పమంది. రోజూ చెప్పమంటుంది. మిషను ఆపి వీధి సంగతులు చెప్పుకుందామంటే నేను పనికిరానట, విన్నది విన్నట్టు మళ్ళీ చెప్తానట, ఇంకాస్త కలపడం చేతకాదట.

నా ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగారు. అలసటగా ఉంది. పొద్దున లేచేసరికే నడుము పట్టేసి ఉంటోంది. అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

ఇక దొరసాని సంగతి. మీరు పడిన రోజు నుంచి మొదలుపెడతాను. ఆ రోజు నొప్పిలో మీకు ఒళ్ళు తెలియలేదు, తర్వాత ఇక్కడ జరిగినవి ముక్కలు ముక్కలుగానే రాశాను.

కొట్టంలో తడి రాయి మీద జారిన మిమ్మల్ని నలుగురం పట్టుకుని వ్యానులో పడుకోబెడుతుంటే, నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నల్లది ఏం వేసినా తింటుంది. దొరసానికి గడ్డి వేసి, నిలబడి చూడు" అన్నారు. అంతే చెప్పారు. వ్యాను వెళ్ళిపోయింది.

వేశాను. నిలబడి చూశాను. అది నన్ను చూసింది.

తర్వాత మూతితో గడ్డిని ఒక పక్కకు నెట్టి, లోపలి నుంచి నాలుగు లేత పోచలు లాక్కుంది. మిగిలినదాన్ని ఒక్క విదిలింపుతో తొట్టి బయట పారేసింది. దాని మీదే కాళ్ళు ముడుచుకుని పడుకుంది, పరుపు వేయించుకున్నట్టు. పక్క తొట్టిలో నల్లది తలెత్తకుండా నమిలేస్తోంది. ఒకే గడ్డివాములోది, ఒకే చేత్తో వేశాను.

నా తీరు మీకు తెలుసు. ఏదైనా తేడా వస్తే ఒక్కోసారి ఒక్కటే మార్చి చూస్తాను, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. గడ్డి దుమ్ము దులిపి వేశాను. చిన్న ముక్కలుగా కత్తిరించి వేశాను. వేరే పొలం గడ్డి తెప్పించాను. ఉప్పునీళ్ళు చిలకరిస్తే ఉప్పు నాకి గడ్డి వదిలేసింది. తొట్టి కడిగి ఎండబెట్టాను. ఆఖరికి తొట్టి ముందు నిలబడటం కూడా మానేశాను, నా మొహం నచ్చలేదేమోనని.

మీ అబ్బాయి మాత్రం, "ఆకలేస్తే అదే తింటుంది. చిన్నప్పుడు నేను అన్నం మీద అలిగితే అమ్మ ఏం చేసేదనుకున్నావ్?" అన్నారు.

"ఏం చేసేవారు?"

"అసలు పట్టించుకునేది కాదు."

"తినేవారా మరి?"

"తినేవాణ్ణి. పక్కింట్లో."

పశువుల డాక్టరు వచ్చి నోరు తెరిపించి చూశాడు, నాలుక లాగి చూశాడు, కడుపు మీద చెయ్యి పెట్టి చూశాడు. "జబ్బేం లేదమ్మా, గారాబం. కానీ చూడి ఆవు, పస్తు పెట్టకండి. లోపల దూడ ఉంది" అని సంచి సర్దుకున్నాడు. గారాబానికి మందేమిటో చెప్పలేదు.

ఇంతవరకూ మీకు తెలిసినవే. ఇక్కడి నుంచి తెలియనివి.

గడ్డి గది ఊడుస్తుంటే తలుపు వెనక మీ పొట్టి పీట కనబడింది. దాని ముందు ఒక గోనె పరిచి ఉంది, గోనె మీద ముదురు కాడల కుప్ప. ఊడ్చి పోసిన చెత్త అలా ఉండదు. అన్నీ ఒక వైపుకే తిప్పి పేర్చినట్టున్నాయి. ఏమిటో అర్థం కాలేదు. గోడ మీదుగా టైలరమ్మను పిలిచి చూపించాను.

"నీకు తెలీదా?" అంది ఆవిడ, నాకు తెలియనిది ఒకటి దొరికిందన్న సంతోషంతో. "మీ అత్తగారి పని అది. నువ్వు లేవకముందే వచ్చి ఆ పీట మీద కూచుని గడ్డి ఏరేది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో పోచ పట్టి చూసేది. లేతది దొరసానికి, ముదురుది నల్లదానికి."

"నాతో ఒక్కసారైనా అనలేదే!"

"నీతోనా? బాగా చెప్పావ్. 'మా కోడలు చూసిందంటే ఈ కాడలన్నీ నా ఖాతాలో రాస్తుంది' అని నవ్వేది. నన్నూ చెప్పొద్దంది. ఇప్పుడు చెప్పేశాననుకో. నువ్వు మళ్ళీ ఆవిడకు రాయకు."

రాస్తున్నాను. ఆవిడను ఏమనకండి.

నాకు గుర్తుకొచ్చింది. ఒకప్పుడు దొరసాని తొట్టి కింద పడి ఉన్న గడ్డి చూపించి, "దీన్ని ఏ ఖర్చు కింద రాయమంటారు?" అని మిమ్మల్ని అడిగాను. మర్నాటి నుంచి నేల శుభ్రంగా ఉండేది. చెప్పగానే విన్నారని నేను లోలోపల సంతోషించాను కూడా. అంటే ఆ మర్నాటి నుంచే మీరు చీకట్లో లేచి పీట వేసుకున్నారన్నమాట. అంత పొద్దున్నే, వెలుతురు రాకముందే, తడి కొట్టంలో మీకేం పని అని మీరు పడిన రోజున అందరం అనుకున్నాం. నేను కాస్త గట్టిగానే అన్నాను.

కోపం రాలేదని కాదు. ఆవుకు గడ్డి ఏరి పెట్టడమేమిటి అత్తయ్యగారూ! మా పిల్లకు చేప ముళ్ళు తీసి పెడితేనే, "అలా అలవాటు చేస్తే రేపు ఎవరు తీస్తారు?" అని మీరు నన్ను ఎన్నిసార్లు అనలేదు! ఆ పూటంతా మీతో మనసులోనే పోట్లాడాను. సాయంత్రానికి పీట మీద కూచున్నాను. ఇంకేం చెయ్యను? కడుపుతో ఉన్న ఆవు.

ఏరిన గడ్డి వేస్తే తింది. తొట్టి అడుగు నాకింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పటి నుంచి రోజూ ఏరాను. చేతులు పగిలాయి. ఎంత ఏరినా దానికి ఒక్క పూటకే సరిపోయేది. వంట ఆలస్యం, బట్టలు ఆలస్యం, మీ అబ్బాయి మిల్లు నుంచి వచ్చేసరికి పొయ్యి మీద నీళ్ళు కూడా ఉండేవి కావు. ఒక రోజు ఆయన గుమ్మంలో నిలబడి, "అమ్మను పంపిస్తే అమ్మే మళ్ళీ కూచున్నట్టుంది" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు నవ్వు రాలేదు. మీరు లేని కొత్తల్లో ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే హాయిగా అనిపించిన మాట నిజం. దాచను. ఆ హాయి ఎక్కువ రోజులు మిగల్లేదు. పని మాత్రం మిగిలింది, అది కూడా ఇద్దరిది.

తర్వాత ఒక సాయంత్రం ఏరుతూ ఏరుతూ పీట మీదే కునుకు పట్టింది. నమిలే చప్పుడుకు మెలకువ వచ్చింది. దొరసాని తొట్టి ఖాళీ, ఇంకా నేను దాంట్లో ఏమీ వెయ్యలేదు. మరి నమిలేదెవరని చూస్తే, పలుపు ముడి వదులైంది, అది మధ్య కర్ర మీదుగా మెడ చాచి నల్లదాని తొట్టిలో మూతి పెట్టింది. ఏం తింటోందనుకున్నారు? నేను అంతకుముందే దాని కోసం ఏరి, దానికి పనికిరావని నల్లదానికి పడేసిన కాడలు!

"ఏయ్ దొంగా!" అని అరిచాను. మామూలు ఆవైతే తల వెనక్కి తీసుకుంటుంది. ఇది కళ్ళు పెద్దవి చేసి ఇంకా గబగబా నమిలింది, ఎక్కడ లాగేసుకుంటానోనని.

మర్నాడు దాని తొట్టిలో ఏరిన లేత గడ్డి, పక్క తొట్టిలో ఏరని గడ్డి వేసి, పలుపు ఒక మూర వదులు చేశాను. తన తొట్టి వైపు చూడనైనా చూడలేదు. నల్లదాని గడ్డి మీద పడింది. నల్లది పాపం కాసేపు బిత్తరపోయి, అటు తిరిగి దొరసాని తొట్టిలోది తిన్నది. ఆ మర్నాడు రెండు తొట్లలోనూ ఏరకుండానే వేశాను. అది దీనిది తింది, ఇది దానిది తింది. పీట తీసి అటక మీద పెట్టేశాను.

అంటే అత్తయ్యగారూ, దొరసాని తింటోంది.

నిన్నామొన్నటి నుంచి కాదు. మీకు నేను రాసిన కిందటి రెండు ఉత్తరాలకు ముందు నుంచే తింటోంది. ఆ రెండింటిలోనూ "ముట్టడం లేదు", "ఎముకలు తేలాయి", "మీకోసం గుమ్మం వైపే చూస్తోంది" అని రాసింది అబద్ధం. నేనే రాశాను, ఎవరూ రాయించలేదు.

ఎందుకు రాశానో చెప్తాను. అది మేత మానేసిందని నేను నిజంగా రాసిన రోజుల్లో వదినగారి దగ్గర నుంచి ఒక చీటీ వచ్చింది. మీరు మంచం దిగడం లేదని, కాలు కదపమంటే గోడ వైపు తిరిగి పడుకుంటున్నారని, ఇక తనకేం పని ఉందని నడవాలి అంటున్నారని రాశారు. నా ఉత్తరం చదివిన రోజున మాత్రం, "నా ఆవు అక్కడ పస్తుంటే నేనిక్కడ పడుకుని చేసేదేముంది" అని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి కిటికీ దాకా వెళ్ళారట. ఆ చీటీ వచ్చిన నాలుగు రోజులకే దొరసాని దొంగతనం మొదలుపెట్టింది. రాయడానికి కాగితం తీశాను. తింటోందని రాయలేకపోయాను. వదినగారికి ఇవేవీ తెలియవు, ఆవిడను తప్పు పట్టకండి.

అబద్ధం రాయడం నాకు చేతకాని పని. ఒకటి రాస్తే దానికి సరిపోయేలా మిగతావన్నీ సర్దాలి. ఎముకలు తేలాయని రాశాక డాక్టరు ఏమన్నాడో రాయాలి, మీ అబ్బాయి ఏమన్నారో రాయాలి. ప్రతిసారీ ముందు ఉత్తరంలో ఏం రాశానో గుర్తు చేసుకోవాలి. కానీ మీరు కిటికీ నుంచి వసారా దాకా నడిచారని, వసారా నుంచి వాకిలి దాకా నడిచారని తెలిసినప్పుడల్లా ఇంకొక్క ఉత్తరం అనుకున్నాను. మీరు బండి మాట్లాడతారని అనుకోలేదు. అనుకుని ఉండాల్సింది. మీ సంగతి నాకు తెలియనిదా!

నిన్న మీ ఉత్తరం పట్టుకుని ఆయన్ను లేపాను. నిద్రమత్తులోనే, "చెప్పకు. అమ్మ వస్తే రానీ, కొట్టంలోకి వెళ్ళకుండా గుమ్మంలో నేను ఆపుతా" అన్నారు. ఆయన మిమ్మల్ని గుమ్మంలో ఆపడం ఇంతవరకు నేను చూడలేదు, మీరూ చూసి ఉండరు.

నిజం చెప్తే మీరు మళ్ళీ గోడ వైపు తిరుగుతారేమోనని భయం. చెప్పకపోతే అతకని ఎముకతో వచ్చి, నేను చూడకుండా, చీకట్లో, అదే రాయి మీద అడుగు పెడతారని భయం. రెండింటినీ పక్కపక్కన పెట్టి తెల్లవార్లూ చూసుకున్నాను. ఏది తక్కువ నష్టమో తేలలేదు. చివరికి, మీరు ఇంతకాలం నా దగ్గర ఒకటి దాచి పడ్డారు, నేను మీ దగ్గర ఒకటి దాచి మిమ్మల్ని మళ్ళీ పడేస్తే ఇక ఈ ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్తారు అనిపించింది. అందుకే రాసేస్తున్నాను. మీరు నన్ను ఏమన్నా పడతాను.

ఇంకొక్క మాట ఉంది. ఇది మిమ్మల్ని బుజ్జగించడానికి రాస్తున్నాననుకుంటారు. కాదు. టైలరమ్మను అడగండి.

దొరసాని ఊరికే దొంగతనం చెయ్యదు. ఎవరో ఒకరు తిట్టాలి. తిట్టకుండా నిలబడితే రెండు పోచలు నమిలి, మెడ తిప్పి, "ఏం, ఈ రోజు ఏమీ అనవా?" అన్నట్టు నా మొహంలోకి చూస్తుంది. తిడితేనే అది దొంగ సొమ్మవుతుంది, అప్పుడే రుచి. కొత్తల్లో బాగానే సాగింది. కానీ నాకు తిట్లు రావు. "దొంగా", "సిగ్గులేనిదానా", ఇక అక్కడితో అయిపోతాయి. వాటినే తిప్పి తిప్పి అంటుంటే దానికి విసుగు పుట్టింది. మొన్న సగం మేతలో వదిలేసి పడుకుంది. టైలరమ్మ వచ్చి తన గొంతుతో ఒకటి అందుకుంటే నల్లది బెదిరి పలుపు తెంపుకోబోయింది. దొరసాని చెవి కూడా కదపలేదు. ఆయన తిడితే మధ్యలో ఆయనకే నవ్వొస్తుంది.

పశువుల డాక్టరు మళ్ళీ వచ్చి చూశాడు. దూడ బాగుంది, సగం వదిలినా సరిపోతుంది, ఇప్పటికి భయం లేదన్నాడు. కాబట్టి మీరు పరిగెత్తుకు రావలసిన పని లేదు. కానీ ఈనేనాటికి కడుపు నిండా తింటే మంచిదని కూడా అన్నాడు. నా వల్ల కావడం లేదు అత్తయ్యగారూ. ఆ మాట రాయడానికే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. గడ్డి వెయ్యగలను, పేడ ఎత్తగలను, నీళ్ళు తోడగలను. పని అంతా అయ్యాక నిలబడి ఆవును తిట్టే ఓపిక మాత్రం నాకు మిగలడం లేదు. ఆ వరసలు, ఆ గొంతు, ఒక తిట్టు అయ్యేలోగా ఇంకోటి తట్టడం మీ ఒక్కరికే ఉన్నాయి.

కొట్టం గుమ్మం బయట, తడి రాని చోట, చేతులున్న కుర్చీ ఒకటి వేయించాను. అక్కడి నుంచి రెండు తొట్లూ కనబడతాయి. అక్కడ మీ డాక్టరు సరేనన్న రోజున రండి. వచ్చాక ఆ గుమ్మం దాటి లోపల అడుగు పెట్టకూడదు. గడ్డి ముట్టకూడదు. కుర్చీలో కూచుని తిట్టాలి, అంతే. ఎంతసేపు తిడతారో, మధ్యలో నన్ను కూడా కలుపుతారో మీ ఇష్టం. నేను లెక్క రాయను.

అయితే ఇంటి గుమ్మం నుంచి ఆ కుర్చీ దాకా మీరే నడిచి రావాలి. ఎత్తుకు రావడానికి ఇక్కడ ఎవరికీ నడుములు లేవు. అందుకని వాకిలి దాకా వెళ్ళడం మానకండి.

బండివాడికి ఏమని కబురు పంపారో వెంటనే రాయండి. కోపంగా ఉంటే కోపంగానే రాయండి, రాయకుండా మాత్రం ఉండకండి. వదినగారికి, అన్నయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

సాయంత్రమైంది. దొరసాని పలుపు లాగి చూస్తోంది. వెళ్ళి నాలుగు తిట్టి వస్తాను.

ఇట్లు,
గొంతు బొంగురుపోయిన
మీ కోడలు